మూడు చీరల దూరం, ఒకటిన్నర చీర దూరం

జూన్ నెల రెండో మంగళవారం, ఉదయం అయిదు గంటల పది నిమిషాలకు చీరాల బస్సు నన్ను ఎల్బీనగర్ కూడలిలో దింపింది. ఈ ప్రయాణం అక్కడ మొదలైందనే నా లెక్క. చీరాల నుంచి అక్కడిదాకా నిద్రపోయాను. నిద్రపోయినవాళ్ళు ప్రయాణం చేశామని చెప్పుకోకూడదు.

నాకు డెబ్బై ఒకటి. చేనేత సహకార సంఘంలో ముప్ఫై రెండేళ్ళు చీరలు కొలిచి, లెక్కలు రాసి రిటైరయ్యాను. చుట్టాల్లో తగువు వస్తే నన్ను పిలవడం అలవాటు. నేను మెతకదాన్నని కాదు, కొలవకుండా మాట్లాడనని.

ఈసారి తగువు ఒక మోటారుసైకిల్ గురించి. మా తమ్ముడు సుబ్బారావు కూతురు మాధవి హైదరాబాదులో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తుంది. తెల్లవారకముందే ఇళ్ళకు వెళ్ళి, పరగడుపున ఉన్నవాళ్ళ దగ్గర రక్తం తీసుకుని, చల్లటి పెట్టెలో పెట్టి ల్యాబ్‌కు చేర్చాలి. సొంత బండి ఉన్నవాళ్ళకే ఆ ఉద్యోగం ఇస్తారు. సుబ్బారావు తన పాత మోటారుసైకిల్‌ను లారీలో వేసి పంపాడు. ఎనిమిది నెలల్లో పిల్ల రెండుసార్లు పడింది. రెండోసారి మోచెయ్యి మీద ఏడు కుట్లు పడ్డాయి.

"బండి అమ్మేసి వచ్చెయ్యమంటున్నాను. వినదు," అన్నాడు సుబ్బారావు. "నువ్వు మూడు రోజులు దాని వెనకాల కూర్చుని చూడక్కా. నువ్వు అమ్మమంటే అమ్మేస్తాం. ఉంచమంటే నేను మళ్ళీ ఆ మాట ఎత్తను."

మాధవి కూడా ఒప్పుకుంది. "అత్తయ్య ఏం చెబితే అది," అంది. గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు నేను ఫోన్ చేసి తీర్పు చెప్పాలి. బండి పోతే పిల్ల ఉద్యోగం పోతుంది. బండి ఉండి నా తీర్పు తప్పయితే పిల్లే పోవచ్చు. ఆ రెంటి మధ్య నన్ను కూర్చోబెట్టారు.

ఎల్బీనగర్

బస్సు దిగి తలెత్తి చూశాను. రోడ్డు మీద రోడ్డు, దాని మీద మెట్రో పట్టాలు. ఆకాశం ఆ సందుల్లోంచి తెల్లవారుతోంది. నల్లగొండ నుంచి వచ్చిన బస్సులు, పాల వ్యాన్లు, ఆటోలు, వాటి మధ్య ఖాళీ ఉన్నచోటల్లా మోటారుసైకిళ్ళు. ఎర్ర దీపం పడింది. అంతమందీ ఆగారు. నాకు ఒళ్ళు జలదరించింది. మా వైపు ఎదురొచ్చేవాడి మొహం చూసి ఆగుతాం. ఇక్కడ ఎవరి మొహమూ చూడరు, దీపం చూసి ఆగుతారు. అన్ని వందల బళ్ళు, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క ఇంటి మనిషి, ఒక్క గీత దగ్గర నిలబడి ఊపిరి పీలుస్తున్నాయి. మనిషి కనిపెట్టినవాటిలో చక్రాన్నే అందరూ పొగుడుతారు. దాన్ని ఆపడం కనిపెట్టినవాణ్ణి ఎవరూ తలుచుకోరు.

ఆ రోజుకు సెలవు పెట్టి మాధవి వచ్చింది. పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉంటుంది, మా అమ్మలాగే. నాకోసం రెండో హెల్మెట్ తెచ్చింది. నా ముడి అందులో పట్టలేదు. అక్కడే నిలబడి ముడి విప్పి జడ వేసుకున్నాను. పెళ్ళయ్యాక వీధిలో జడతో ఉండడం అదే మొదటిసారి.

పక్కనే తోపుడుబండి మీద ఒకామె ఇడ్లీలు వేస్తోంది. నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. మా ఊళ్ళో ఇడ్లీకి అల్లం పచ్చడి లేకపోతే కొనేవాళ్ళు అలిగి వెళ్ళిపోతారు. ఇక్కడ పల్లీ చట్నీ గరిటెడు, దాని మీద కారంపొడి.

"అల్లం పచ్చడి లేదా?" అన్నాను.

"లేదమ్మా. గీ చట్నీ ఒక్కసారి తిని సూడు, మల్ల మీ ఊరికి పోవు," అందామె. తిన్నాను. ఊరికి తిరిగి పోవాలనే అనిపించింది గానీ, చట్నీ బాగుందని ఒప్పుకోవాలి.

చీరాల నుంచి ఒక బుట్టలో ఇరవై నాలుగు బంగినపల్లి పళ్ళు తెచ్చాను. సగం మాధవి హాస్టల్ వాళ్ళకు, సగం ల్యాబ్‌లో ఆమె పై అధికారికి అనుకున్నాను. ఆ అధికారి ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. పొద్దున్నే ఆయన డ్యూటీకి వెళ్ళేలోపు ఇచ్చేసి, తిరిగి చైతన్యపురిలో హాస్టల్‌కు వద్దామంది మాధవి. సంచి ముందు ట్యాంకు మీద పెట్టింది. నేను ఎప్పటిలాగే చీరతో పక్కకు తిరిగి కూర్చుని, బుట్ట ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక చేత్తో బుట్టను, ఒక చేత్తో పిల్ల భుజాన్ని పట్టుకున్నాను. ఇది తప్పని తర్వాత తెలిసింది.

దిల్‌సుఖ్‌నగర్ బస్సుల ముందు

చైతన్యపురి దాటేటప్పుడు కోచింగ్ సెంటర్ల పిల్లలు వీపున సంచులతో బారులు తీరి నడుస్తున్నారు. అంత పొద్దున్నే అంతమంది పిల్లలు చదువుకోడానికి వెళ్ళడం చూస్తే ముచ్చటగానూ ఉంది, భయంగానూ ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు ఆగేచోట దారి ఇరుకైంది. మా ముందు ఒక ఆటో వెళుతోంది. రోడ్డు పక్క ఎవరో చెయ్యి ఎత్తారు. ఆటో అక్కడే నిలబడిపోయింది.

మాధవి కుడికాలు గట్టిగా తొక్కడం నాకు తెలిసింది. బండి ఆగలేదు. వెనక చక్రం తిరగడం మానేసి, ఇసుక మీద పక్కకు జారింది. నేను బుట్టతో సహా నేల మీద కూర్చున్నాను. ఎలా కూర్చున్నానో చెప్పలేను, పీట మీద కూర్చున్నట్టే కూర్చున్నాను. బండి ఇంకో బారెడు పోయి ఆటో చక్రానికి ఆని ఆగింది. పళ్ళు నాలుగు దిక్కులకూ దొర్లాయి. నా ఎడమ చెప్పు ఎటు పోయిందో చూసేలోపు దాని మీదుగా బస్సు వెళ్ళింది.

ఆటో అతను దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. నన్ను లేపి నిలబెట్టి, నడుం వంచి మామిడిపళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.

"అమ్మమ్మా, దెబ్బ తాకిందా?"

"లేదు బాబూ."

"నీ అదృష్టం. బండి ఆగలే, నువ్వే ఆగినవ్!" అన్నాడు. చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. మాధవి వైపు తిరిగి, "ఏం మేడం, గట్ల కాలుతోటి తొక్కితే ఆగుతదా? జర దూరం ఉండాలె గదా," అన్నాడు.

"మీరు నడిరోడ్డు మీద ఆపితే?" అంది మాధవి.

"మేం ఆటోలోల్లం. మేం ఆపుతం. మీకు తెల్వదా?" అన్నాడతను. అది ఎంత నిజాయితీగా అన్నాడంటే నాకు కోపం రాలేదు. వాన వచ్చి 'నేను పడతాను' అన్నట్టు చెప్పాడు. అతనికి రెండు పళ్ళు ఇచ్చాను. పదిహేడు దొరికాయి, ఏడు పోయాయి. అతనికిచ్చినవి ఆ పదిహేడింటిలోవే.

అధికారి ఇంటి మాట వదిలేసి వెనక్కు తిరిగాం; ఒంటి చెప్పుతో హాస్టల్ మెట్లెక్కాను. అతిథికి రోజుకు రెండు వందల యాభై, భోజనంతో. అన్నం తింటూ మాధవి తలెత్తలేదు.

"అమ్మెయ్యమంటావు కదత్తయ్యా," అంది.

"ఇంకా రెండు రోజులుంది. గురువారం దాకా నేనేమీ అనను," అన్నాను. కానీ నా మనసు అప్పటికే సగం అమ్మేసింది.

"నువ్వు చేత్తో పట్టే బ్రేకు పట్టలేదేం?" అని మాత్రం అడిగాను.

"ముందు బ్రేకా? అమ్మో! అది పడితే తలకిందులవుతాం. చిన్నప్పట్నుంచీ నాన్న ఒకటే చెప్పేవాడు. దాని జోలికి పోకు, కాలితో తొక్కు చాలు అని."

నిజమే. మా ఇంట్లో మగవాళ్ళందరూ ఆ మాటే అనేవారు. మా నాన్నా అన్నాడు, మా వారూ అన్నారు. సుబ్బారావు సైకిల్ తొక్కే రోజుల్నుంచీ అంటున్నాడు. పిల్లలకు బండి నేర్పేటప్పుడు మొట్టమొదట చెప్పేది అదే, అక్షరాభ్యాసంలో ఓం నమఃశివాయలాగా.

అల్మాస్‌గూడ ఖాళీ జాగా

బుధవారం పొద్దున మాధవి ఒక్కతే డ్యూటీకి వెళ్ళింది. నేను కొత్త చెప్పులు కొనుక్కుని, చైతన్యపురి మెట్రో మెట్ల మీద నిలబడి కింద బళ్ళు ఆగడం చూశాను. ఇరవై మంది కుడిచేతుల్ని గమనించాను. వేళ్ళు ముందు బ్రేకు మీద ఉన్నవాళ్ళు నలుగురు. మిగతావాళ్ళు పిడి మాత్రం పట్టుకున్నారు. అయితే మా ఇంటి ఓం నమఃశివాయ ఈ ఊళ్ళోనూ చదువుకున్నారన్నమాట.

మధ్యాహ్నం మాధవి నన్ను అల్మాస్‌గూడకు తీసుకెళ్ళింది. అక్కడ స్వరూప అనే ఆవిడ ఆడవాళ్ళకు బండి నేర్పుతుందని ల్యాబ్‌లో ఎవరో చెప్పారట. ఈసారి తను బండి మీద, నేను ఆటోలో వెళ్ళాం. అల్మాస్‌గూడ ఒకప్పుడు ఊరు, ఇప్పుడు కాలనీలు. ఇళ్ళ మధ్య ఇంకా కట్టని ఒక పెద్ద జాగా, మధ్యలోంచి పొడవాటి సిమెంటు రోడ్డు. ఆ రోడ్డు ఎక్కడికీ వెళ్ళదు, గోడ దగ్గర ఆగిపోతుంది. ఆపడం నేర్చుకోడానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

స్వరూపకు నలభై దాటాయి. పుట్టింది నల్లగొండ దగ్గర పల్లెలో. నల్ల జాకెట్, మోకాళ్ళకు తొడుగులు, నుదుట రూపాయంత బొట్టు. గొంతు మైకు.

"పెద్దమ్మా, ఎల్బీనగర్ల నా అంత బ్రేకు తెలిసినోల్లు ఎవ్వరు లేరు. ముందుగాల్నే చెప్తున్న," అంది. ఆ పూటకు ఎనిమిది వందలు అడిగింది. ఆరు వందలకు ఒప్పించాను.

మాధవిని ముందు మామూలుగా ఆపి చూపమంది. వేగం చూపే ముల్లు నలభై మీద ఉండగా, సుద్దతో గీసిన గీత దగ్గర బ్రేకు వెయ్యాలి. మాధవి కాలు తొక్కింది. వెనక చక్రం కీచుమని అరిచి, తోక ఊపి, చాలా దూరం పోయి ఆగింది. స్వరూప గీత నుంచి అడుగులు వేసుకుంటూ వెళ్ళింది.

"ఇరవై!" అంది.

"మీ అడుగు, నా అడుగు ఒకటి కాదు," అన్నాను. "టేపు లేదా?"

"టేపెందుకు పెద్దమ్మా? నా కాలే టేపు."

నాకు నచ్చలేదు. సంచిలో నేను బస్సులో కట్టుకొచ్చిన నేత చీర ఉంది. జాకెట్టు ముక్క లేకుండా అయిదున్నర మీటర్లు. ముప్ఫై రెండేళ్ళు చీరలు కొలిచినదాన్ని, ఆ లెక్క అర్ధరాత్రి లేపి అడిగినా తప్పు చెప్పను. చీర తీసి రోడ్డు మీద పరిచాను. మా వీధిలో ఎవరైనా చూస్తే నాకు మతి పోయిందనుకుంటారు. ఈ చివర మీద ఒక రాయి, ఆ చివర మీద ఒక రాయి. తీసి మళ్ళీ, తీసి మళ్ళీ. మూడు చీరలు, పైన బెత్తెడు.

"మూడు చీరలా?" అంది స్వరూప. "ఓ యమ్మ! గీ లెక్క నాకు నచ్చింది."

తర్వాత తన బండి మీద తానే ఎక్కి ఆపి చూపింది. నలభైలో వచ్చి, గీత దగ్గర వేళ్ళు ముడిచింది. బండి ముందు భాగం నమస్కారం పెట్టినట్టు వంగింది, అక్కడే నిలబడింది. కీచుమనలేదు, తోక ఊపలేదు. నేను నోరు తెరిచాను.

"ఆరు మీటర్లు!" అని అక్కణ్ణుంచే అరిచింది.

చీర పరిచాను. ఒకటిన్నర చీర, పైన రెండు వేళ్ళు. "ఎనిమిదింపావు దాటింది," అన్నాను.

"అరె, పెద్దమ్మతోటి కష్టమున్నది," అంది, నవ్వింది. కానీ నేను నవ్వలేదు. ఆరు కాకపోతేనేం! అదే వేగం, అదే రోడ్డు. ఒకరు మూడు చీరలు, ఒకరు ఒకటిన్నర. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ తేడా ఉండుంటే ఆటో చక్రం మాకు తగిలేదే కాదు. నా చెప్పు నా కాలికే ఉండేది.

"ఎలా?" అన్నాను.

స్వరూప నన్ను తన ముందు నిలబెట్టి, రెండు భుజాలు పట్టుకుని ముందుకు తోసింది. నేను కాలివేళ్ళ మీద పడబోయాను.

"చూసినవా? బరువంతా ముందలకే వచ్చింది. బండి ఆగేటప్పుడు గట్లనే. బరువు ముందల చక్రం మీదికి పోతది, ఎనుకది తేలికైతది. తేలికైన చక్రాన్ని తొక్కితే ఏమైతది? జారుతది. బరువున్న చక్రాన్ని పట్టుకుంటెనే ఆగుతది. రెండు కలిపి పట్టాలె, ముందలిది ఎక్కువ, ఎనుకది తక్కువ."

"మరి తలకిందులవుతారంటారే?"

"గుంజితే అయితరు. ఎవరన్న బర్రె పాలు పిండిర్రా మీ ఇంట్ల? పొదుగు పట్టంగనే గుంజితే తంతది. ముందు మెల్లగ ముట్టాలె, అది తెలుసుకోవాలె, అప్పుడు గట్టిగ పిండాలె. బ్రేకు గూడ గంతే. బండి నిటారుగ ఉండాలె. మలుపుల వంగినప్పుడు పట్టొద్దు, మలుపుకు ముందుగాల్నే వేగం దింపాలె. చక్రం బిగుసుకుని జారితే ఎంటనే వదిలి మల్ల పట్టాలె. కండ్లు ముందలి చక్రం మీద పెట్టొద్దు, దూరం చూడాలె. ఏడ చూస్తే ఆడికే పోతవ్ బిడ్డా."

ఈ మాటలు నేను వరసగా రాశాను గానీ ఆమె వాటిని గంటన్నర సేపు అరుస్తూ చెప్పింది.

ఇక మాధవి వంతు. బండి ఎక్కి ముందు బ్రేకు నొక్కింది. అది పిడికి ఆనేదాకా వచ్చేసింది. బండి కదలడానికి అడ్డే లేదు. స్వరూప వచ్చి రెండు వేళ్ళతో నొక్కి చూసింది. ఆమె మొహంలో పొగరు మొత్తం పోయింది.

"బిడ్డా, గీ బ్రేకు లేదు. ఎన్ని రోజులాయె గిట్ల?"

"ఎప్పుడూ అంతే. దాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు."

స్వరూప కిందికి వంగి ముందు చక్రం దగ్గర బ్రేకు తీగ చూసింది. "తెగలే. అరిగిపోలే. ఎవరో కావాలని లూజు చేసిండ్రు. మర చివరిదాంక తిప్పిండ్రు."

నేను సుబ్బారావుకు ఫోన్ చేశాను. మాధవి వింటూ నిలబడింది.

"బండి ముందు బ్రేకు ఎవరు లూజు చేశారురా?"

"నేనేనక్కా," అన్నాడు. ఏ తప్పూ చెయ్యనివాడి గొంతుతో అన్నాడు. "లారీ ఎక్కించే ముందు మెకానిక్కు చేత దగ్గరుండి చేయించాను. ఆడపిల్ల, కంగారులో పట్టేస్తుందేమో, బోర్లా పడుతుందేమోనని. భద్రం కోసం."

మాధవి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. అరుస్తుందనుకున్నాను. "నాన్నా, నువ్వు బండి పంపినప్పుడు ఒక చెయ్యి విరిచి పంపావు," అంది. అంతే. ఫోన్ నాకిచ్చేసి వెళ్ళి గోడ దగ్గర నిలబడింది.

ఎనిమిది నెలలు. తెల్లవారకముందే, వానలో, లారీల మధ్య, ఈ పిల్ల సగం బ్రేకుతో తిరిగింది. ఏడు కుట్లతో బయటపడింది. అది తలుచుకుని అక్కడే రాయి మీద కూర్చున్నాను. వాడు పిల్ల మీద పగతో చేయలేదు. ప్రేమతో, దగ్గరుండి, మెకానిక్కుకు డబ్బిచ్చి చేయించాడు.

స్వరూప తనే చక్రం విప్పింది. ఇన్నాళ్ళూ వాడకపోవడంతో లోపల బ్రేకు పట్టే ముక్కలు గాజులా నున్నబడ్డాయట. గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించి, తీగ లాగి సరిచేసింది. దీనికి డబ్బు తీసుకోలేదు. "గిది పైసల పని కాదు," అంది.

మాధవి కళ్ళు తుడుచుకుని ఎక్కింది. మొదటిసారి భయపడి మెత్తగా పట్టింది, రెండు చీరల పైన అర. "కాళ్ళతోటి ట్యాంకు నొక్కిపట్టు! చేతులు బిగబట్టకు!" అని స్వరూప అరిచింది. తర్వాత రెండుంపావు. ఒకసారి కంగారుగా గుంజితే ముందు చక్రం కీచుమంది, మాధవి వేళ్ళు వదిలింది, బండి తిన్నగా అయింది, మళ్ళీ పట్టింది. "శభాష్! గదే!" అంది స్వరూప. ఎండ తగ్గేసరికి రెండు చీరల లోపుకు వచ్చింది.

"ఇగ పెద్దమ్మా, నువ్వెక్కు," అంది నాతో.

"నేనా?"

"రేపు నువ్వే గదా కూసునేది? గట్ల పక్కకు కూసుంటే దానికి బరువు, నీకు ప్రమాదం. రెండు దిక్కుల కాళ్ళేసుకుని కూసోవాలె. భుజాలు నొక్కొద్దు. బ్రేకు పట్టినప్పుడు ఎనుక కడ్డీ పట్టుకుని నిన్ను నువ్వే ఆపుకోవాలె."

చీరతో అది కుదరదు. స్వరూప తన సంచిలోంచి ఒక సల్వారు, పొడుగు చొక్కా తీసి ఇచ్చింది. పక్క ఇంటివాళ్ళ బాత్రూంలో మార్చుకుని వచ్చాను. మాధవి నన్ను చూసి ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వింది. "అత్తయ్యా, కాలేజీకి వెళ్తున్నావా?" అంది.

ఆ సల్వారుతో గాలి కాళ్ళ మధ్యనుంచి వెళుతుంటే నాకు వింతగా ఉంది. నలభైలో వెళ్ళాం. గీత దగ్గర మాధవి చెయ్యి ముడుచుకోవడం వెనక నుంచి చూశాను. బండీ, నేనూ, పిల్లా, మా వేగమంతా ఆ నాలుగు వేళ్ళలోకి వచ్చి చేరినట్టు అనిపించింది. ఆగాం. దిగి చీర పరిచాను. రెండు చీరలకు మూరెడు తక్కువ. ఆఖరిసారి చీర తీస్తుంటే ఒక చివర రాయి కింద చిక్కుకుని కొంగు అంచు చిరిగి ఊడొచ్చింది. జానెడు.

పెద్ద అంబర్‌పేట్ దారి

గురువారం పొద్దున అయిదున్నరకు బయలుదేరాం. అంతకు ముందు సన్నగా చినుకు పడింది. మాధవికి ఆ రోజు ఇళ్ళన్నీ విజయవాడ హైవే మీద, ఆఖరిది పెద్ద అంబర్‌పేట్‌లో.

"తొలి వాన అత్తయ్యా. రోడ్డు మీద నూనె పైకి తేలుతుంది, జారుతుంది," అంది. ముందు బండికీ తనకూ మధ్య రెట్టింపు ఎడం వదిలింది. ఆ ఎడంలోకి రెండు స్కూటర్లు దూరాయి. ఆమె విసుక్కోకుండా మళ్ళీ వెనక్కు తగ్గింది. ఈ ఊళ్ళో ఖాళీ వదలడం వంటింట్లో పాలగిన్నె మూత తీసి వదలడంలాంటిది. అయినా వదలాలి.

ఏడు ఇళ్ళకు వెళ్ళాం. ప్రతి ఇంట్లోనూ నేను వరండాలో కూర్చున్నాను. ఒక ముసలాయన పరగడుపున ఉండి కూడా నాకు టీ ఇప్పించాడు. "మీరు తాగుతుంటే వాసన పీలుస్తానమ్మా," అన్నాడు. పెట్టెలో పదకొండు రక్తపు సీసాలు చేరాయి. బాకీ ఒక్క ఇల్లు.

పెద్ద అంబర్‌పేట్ ఇంకాస్త దూరంలో ఉందనగా మా ముందు ఒక ఆటో ట్రాలీ పోతోంది. దాని నిండా ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు. గుంటలో పడి ఎగిరింది. వెనక తలుపు ఊడి వేలాడింది. క్యాన్లు ఒకదాని వెనక ఒకటి రోడ్డు మీదికి దూకాయి. ఒకటి పగిలి నీళ్ళు చిమ్మాయి. మిగతావి మా వైపే దొర్లుకుంటూ వచ్చాయి.

నేను మాధవి చెయ్యి చూశాను. ముందు వేళ్ళు ముట్టాయి, ఆ తర్వాత పిండాయి. నేను కడ్డీ పట్టుకుని నన్ను నేను ఆపుకున్నాను. తడి రోడ్డు మీద ముందు చక్రం ఒక్క క్షణం సణిగింది. వేళ్ళు వదిలాయి, మళ్ళీ పట్టాయి. బండి పక్కకు పోలేదు. తోక ఊపలేదు. వంగి, నిలబడింది. ఆఖరి క్యాను నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చి ముందు చక్రానికి తగిలి, ఆగిపోయింది, మేక వచ్చి తలతో రాసుకున్నట్టు.

వెనక వస్తున్న స్కూటరతను అంత బాగా ఆపలేకపోయాడు. కాలు తొక్కి, జారి, మా పక్కనుంచి రాసుకుంటూ పోయి ఆగాడు. మా ఎడమ అద్దం విరిగింది. అతను పడలేదు.

"సారీ మేడం, బ్రేకు పట్టలే," అన్నాడు, చెమటలు తుడుచుకుంటూ.

మాధవి బండి పక్కకు తీసింది. అతని స్కూటరు ముందు బ్రేకు తానే నొక్కి చూసింది. పిడికి ఆనింది.

"అన్నా, ఇది ఎవరు లూజు చేశారు?"

"మా బావ. ఆడోల్లు గూడ తోలుతరని..."

మాధవి నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఇద్దరం నవ్వలేదు. పెట్టె తెరిచి చూశాం. పదకొండు సీసాలు పదకొండూ ఉన్నాయి. ట్రాలీ అతనితో కలిసి క్యాన్లు ఎత్తించి, ఆఖరి ఇంటికి వెళ్ళి పన్నెండోది తీసుకున్నాం.

పన్నెండు గంటలు

హాస్టల్ వరండాలో కూర్చుని సరిగ్గా పన్నెండుకు ఫోన్ చేశాను. మాధవి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"చెప్పక్కా. అమ్మించెయ్యనా?"

"అమ్మకు. పిల్లకు ఆపడం వచ్చు."

"నువ్వు కొలిచే చెబుతున్నావా?"

"కొలిచే. మూడు చీరలు రెండయింది, తడి రోడ్డు మీద నా కళ్ళతో చూశాను. సుబ్బా, ఇప్పుడు నువ్వు తిరిగే బండి ముందు బ్రేకు ఎలా ఉంది?"

"నాదా? అది ఎప్పట్నుంచో లూజేగా. నాకు అవసరం..." ఆ మాట అక్కడ ఆగింది.

"ఈ సాయంత్రం బిగించుకో. నేను శుక్రవారం పొద్దున దిగుతాను. చీర తెస్తాను. మన వీధి చివర గీత గీసి ఉంచు."

మాధవి లేచి నా పక్కన వచ్చి కూర్చుంది. ఫోన్ అందుకుని, "నాన్నా," అంది, "గుంజకు. ముందు మెల్లగా ముట్టుకో."

ఈ ప్రయాణంలో పోయినవి:

బంగినపల్లి పళ్ళు, ఏడు.
ఎడమ చెప్పు, ఒకటి. కుడిది ఉంది, పనికిరాదు.
మోటారుసైకిల్ ఎడమ అద్దం, ఒకటి. కొత్తది నూట ఎనభై.
నేత చీర, జానెడు. ఇప్పుడది అయిదుంపావు మీటర్లు. ఇకమీదట దానితో కొలిచేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.
రక్తపు సీసాలు, లేవు.
మనుషులు, లేరు.